బంతి పట్టనన్న ప్రెసిడెంటు

1952లో అమెరికాలోని నోటర్‌డేమ్ యూనివర్సిటీకి కొత్త ప్రెసిడెంటు వచ్చాడు. అక్కడ ప్రెసిడెంటంటే మన దగ్గర వైస్ ఛాన్సలర్ లాంటివాడు. పేరు థియోడర్ హెస్‌బర్గ్. వయసు 35. క్యాథలిక్ పాదిరీ. కొత్తల్లో ఓ విలేకరుల సమావేశానికి వెళితే, వచ్చినవాళ్లంతా స్పోర్ట్స్ పేజీల వాళ్లే. ఒక ఫొటోగ్రాఫరు ఆయన చేతికి బంతి ఇచ్చి, వంగి ఆడుతున్నట్టు పోజు పెట్టమన్నాడు. ఆయన పెట్టనన్నాడు. 1990లో వచ్చిన ఆత్మకథ 'గాడ్, కంట్రీ, నోటర్‌డేమ్'లో ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు.

ఒక పాదిరీ గురించి, అదీ అమెరికా పాదిరీ గురించి, ముస్లిం రచయితల పుస్తకంలో ఎందుకని అడగొచ్చు. అడగాలి కూడా. ఎందుకంటే ఒకప్పుడు ఆ దేశంలో క్యాథలిక్కులున్న చోటు, ఈ దేశంలో మనమున్న చోటుకి చాలా దగ్గర.

అమెరికా ప్రొటెస్టెంట్ల మెజారిటీ దేశం. ఐర్లండు నుంచి, ఇటలీ నుంచి, పోలండు నుంచి కూలి కోసం వచ్చిన క్యాథలిక్కుల్ని అది చాలాకాలం తనవాళ్లుగా చూడలేదు. వీళ్ల ఒళ్లు ఇక్కడ, మనసు రోములో అనేవాళ్లు. పోపు మాట వినేవాడు దేశం మాట ఎట్లా వింటాడనేవాళ్లు. వీళ్లకి పిల్లలెక్కువ అనేవాళ్లు, వీళ్ల బడుల్లో ఏం నేర్పుతున్నారో చూడాలనేవాళ్లు. ఈ మాటలు మనకెవరూ తర్జుమా చేసి చెప్పనక్కర్లేదు. మన మనసు ఎక్కడుంటుందని అంటారో మనకి చిన్నప్పుడే తెలుస్తుంది, బడిలో క్రికెట్ మ్యాచ్ మర్నాడు.

నోటర్‌డేమ్‌ని 1842లో ఇండియానా రాష్ట్రంలో ఫ్రాన్సు నుంచి వచ్చిన హోలీక్రాస్ సంఘం పాదిరీలు పెట్టారు. 1920లలో ఆ రాష్ట్రం కు క్లక్స్ క్లాన్ చేతిలో ఉంది. నల్లవాళ్లతో పాటు క్యాథలిక్కులూ యూదులూ కూడా క్లాన్‌కి శత్రువులే. 1924 మే నెలలో కాలేజీ పక్కనున్న సౌత్‌బెండ్ ఊళ్లో క్లాన్ సభ పెట్టుకుంది. కాలేజీ కుర్రాళ్లు ఊళ్లోకి దిగి వాళ్ల ముసుగులు లాగేశారు. క్లాన్ ఆఫీసు కిటికీలో బల్బులతో వెలిగించిన శిలువ మీదికి ఆలుగడ్డలు విసిరారు. ప్రెసిడెంటు మాథ్యూ వాల్ష్ వెళ్లి వాళ్లని వెనక్కి తీసుకొచ్చుకోవాల్సి వచ్చింది.

అదే ఏడాది నోటర్‌డేమ్ ఫుట్‌బాల్ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. (అమెరికా ఫుట్‌బాలంటే మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో పట్టుకొని, గుద్దుకుంటూ పరిగెత్తే ఆట.) కోచ్ న్యూట్ రాక్నీ. నార్వే నుంచి వచ్చిన ప్రొటెస్టెంటు, 1925లో క్యాథలిక్ అయ్యాడు. ఆయన జట్టు దేశమంతా తిరిగి పెద్దపెద్ద కాలేజీల్ని ఓడించింది. ఆ కాలేజీ గేటు కూడా చూడని న్యూయార్క్ కూలీలు, షికాగో కసాయి దొడ్ల పనివాళ్లు, టికెట్ కొని రైలెక్కి మ్యాచ్‌కి వచ్చేవాళ్లు. పత్రికలు వాళ్లని 'సబ్‌వే పూర్వవిద్యార్థులు' అన్నాయి. చదవకపోయినా అది వాళ్ల కాలేజీయే. జట్టుని ఎగతాళిగా 'ఫైటింగ్ ఐరిష్' అనేవారు. 1927లో కాలేజీ ఆ తిట్టునే తన అధికారిక పేరు చేసుకుంది.

ఆ గర్వాన్ని నేను తక్కువ చెయ్యను. ఆ మర్నాటేడే, 1928లో, క్యాథలిక్ అయిన అల్ స్మిత్ దేశాధ్యక్ష పదవికి నిలబడితే ఆయన మతాన్ని ఊరూరా తిట్టి ఓడించారు. ఓటు దగ్గర దొరకనిది శనివారం మైదానంలో దొరికితే మనిషి దాన్ని వదులుకోడు. మనకీ అలాంటి గర్వాలున్నాయి. ఉస్మానియాలో చదివి, హైదరాబాద్ బడుల్లో పంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత ఫుట్‌బాల్ జట్టుని 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకానికి తీసుకెళ్లాడు. రహీం సాబ్ పేరు చెబితే ఇప్పటికీ పాతబస్తీ ముసలాళ్ల కళ్లు మెరుస్తాయి.

కానీ బంతి తెచ్చిన గౌరవం అద్దె ఇల్లు. గెలిచినన్నాళ్లే. అజారుద్దీన్ సెంచరీ కొట్టిన రోజు అందరివాడు. జట్టు పాకిస్తాన్ చేతిలో ఓడిన రోజు మాత్రం గల్లీలో మనకేసి చూసే చూపు మారిపోతుంది. హెస్‌బర్గ్ ఆ ఫొటోకి నిలబడకపోవడంలో నాకు ఇది కనిపిస్తుంది. తన కౌమ్‌కి బంతి పేరు తెచ్చిందని ఆయనకి తెలుసు. ఆ పేరు మీదే బతకాల్సి వస్తే, ఇంకో వందేళ్లకైనా తమని కండలున్నవాళ్లుగా తప్ప బుర్రున్నవాళ్లుగా ఎవరూ చూడరనీ తెలుసు.

అప్పటి నోటర్‌డేమ్ చదువుల్లో అంతంత మాత్రమే. దేశం ఎరిగిన మనిషి కోచ్ ఫ్రాంక్ లేహీ, ప్రెసిడెంటు కాదు. లేహీ నాలుగుసార్లు జాతీయ ఛాంపియన్‌షిప్ తెచ్చాడు, ఆటల విభాగం ఆయన సొంత రాజ్యం. ప్రెసిడెంటు కాకముందే, 1949లో వైస్ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు, హెస్‌బర్గ్‌కి ఆ రాజ్యాన్ని లొంగదీసే పని అప్పజెప్పారు. ఆరోగ్యం చెడి లేహీ 1954లో తప్పుకున్నాడు. ఆయన స్థానంలో హెస్‌బర్గ్ పాతికేళ్ల టెర్రీ బ్రెనన్‌ని పెట్టి, స్కాలర్‌షిప్పులు తగ్గించాడు. ఐదేళ్లలో బ్రెనన్ 32 గెలిచి 18 ఓడాడు. మరో చోటైతే మంచి లెక్కే. 1958 డిసెంబరులో, క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు, ఆయన్ని తీసేశారు. చదువే ముఖ్యమని చెప్పినాయన ఓటములు చూసి కోచ్‌ని ఇంటికి పంపాడని 'స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్' పత్రిక ఉతికి ఆరేసింది. ఉతకాల్సిందే. మడి కట్టుకున్నవాడి చేతికే బురద ఎక్కువ కనిపిస్తుంది.

ఆ దెబ్బ ఆయన మర్చిపోలేదనుకుంటాను. ఆ తర్వాత 1964లో వచ్చిన ఆరా పార్సీగియన్ ఆర్మీనియా మూలాలున్న ప్రొటెస్టెంటు, నోటర్‌డేమ్‌లో చదివినవాడు కూడా కాదు. 1966లో, 1973లో ఛాంపియన్‌షిప్పులు తెచ్చాడు. 1981లో హైస్కూలు నుంచి తెచ్చిన జెరీ ఫౌస్ట్ వరసగా ఓడుతున్నా, ఐదేళ్ల ఒప్పందం పూర్తయ్యేదాకా హెస్‌బర్గ్ ఆయన్ని కదల్చలేదు. అభిమానులు ఎంత గోల చేసినా వినలేదు.

ఈలోగా అసలు పని వేరే చోట జరుగుతోంది. ఆయన వచ్చినప్పుడు యూనివర్సిటీ ఏడాది ఖర్చు 97 లక్షల డాలర్లు, 1987లో దిగిపోయేనాటికి 17 కోట్ల 66 లక్షలు. మూలనిధి 90 లక్షల నుంచి 35 కోట్లయింది. విద్యార్థులు ఐదువేల లోపు నుంచి 9,600కి పెరిగారు. 1963లో 14 అంతస్తుల లైబ్రరీ తెరిచాడు. దాని గోడమీద చేతులెత్తిన క్రీస్తు బొమ్మ పెద్దది వేయించారు. అది స్టేడియంలోంచి కనబడుతుంది. ఆటలో పాయింట్లొచ్చినప్పుడు రిఫరీ కూడా అట్లాగే చేతులెత్తుతాడు. ఇంకేం, జనం దానికి 'టచ్‌డౌన్ జీసస్' అని పేరు పెట్టేశారు. పుస్తకాల మేడ కట్టినా దానికి ఆట పేరే వచ్చింది!

ఇక్కడ ఆగి చెప్పుకోవాల్సింది 1967 గురించి. ఆ ఏడాది నోటర్‌డేమ్ యాజమాన్యం హోలీక్రాస్ పాదిరీల చేతుల్లోంచి, గృహస్థులు కూడా ఉన్న బోర్డు చేతికి మారింది. మార్పించింది పాదిరీ అయిన హెస్‌బర్గే. అదే జులైలో విస్కాన్సిన్‌లోని లాండ్ ఓ లేక్స్ అనే చోట క్యాథలిక్ విద్యావేత్తల్ని కూర్చోబెట్టి ఒక ప్రకటన చేయించాడు. క్యాథలిక్ యూనివర్సిటీ ముందు యూనివర్సిటీ అయివుండాలనీ, చర్చి సహా ఏ అధికారమైనా బయటినుంచి దాన్ని శాసించకూడదనీ దాని సారం. మతాన్ని అమ్మేశాడని సొంతవాళ్లే తిట్టారు. 2009లో అక్కడ ఒబామాకి గౌరవ డిగ్రీ ఇచ్చినప్పుడు పదుల సంఖ్యలో బిషప్పులు మండిపడ్డారు. అంటే ఆ కొట్లాట ఇంకా తెగలేదు.

సరిగ్గా ఆ 1967లోనే, అక్టోబరులో, మన సుప్రీంకోర్టు అజీజ్ బాషా కేసులో తీర్పు చెప్పింది. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీని ముస్లింలు స్థాపించలేదు, 1920 నాటి చట్టం స్థాపించింది, కాబట్టి దానిమీద వాళ్లకి మైనారిటీ హక్కు లేదు అన్నది. 1875లో సర్ సయ్యద్ మొదలెట్టిన బడి, చందాలు వసూలు చేసి కౌమ్ కట్టుకున్న కాలేజీ, ఒక్క వాక్యంతో ఎవరిదో అయిపోయింది. దీని వెనక మన హైదరాబాద్ మనిషి కథ కూడా ఉంది. ఉస్మానియాకి రెండుసార్లు వైస్ ఛాన్సలర్‌గా చేసిన నవాబ్ అలీ యావర్ జంగ్ 1965లో అలీగఢ్ వెళ్లాడు. లోపల చదివిన విద్యార్థులకుండే 75 శాతం సీట్ల వాటాని 50కి తగ్గించే నిర్ణయం మీద ఏప్రిల్‌లో గొడవ రేగి, విద్యార్థులు ఆయన్ని ఘోరంగా కొట్టారు. ఆ కోటా ముస్లింల కోటా కాదు, అలీగఢ్‌లో చదివినవాళ్ల కోటా. కొట్టినవాళ్లని ఏ రకంగానూ సమర్థించను. కానీ కొద్ది వారాల్లోనే కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి యూనివర్సిటీ స్వపరిపాలననే లాగేసుకుంది. ఆ సవరణ మీద నడిచిన కేసే అజీజ్ బాషా. 2024 నవంబరు 8న ఏడుగురు జడ్జీల బెంచి 4-3 తేడాతో ఆ పాత తీర్పుని కొట్టేసి, అలీగఢ్ సంగతి వేరే బెంచి తేల్చాలంది. 57 ఏళ్లు పట్టింది.

మా సెక్యులర్ మిత్రులు తరచూ అడుగుతుంటారు: మీకు వేరే సంస్థలెందుకు, తలుపులు తెరవొచ్చుగా అని. హెస్‌బర్గ్ తెరిచాడు. ఎందుకు తెరవగలిగాడంటే, ఆ ఇల్లు ఆయనది కాదని అక్కడ ఏ కోర్టూ అనలేదు. మన తలుపు మనం తీయడం వేరు, అసలు ఈ తలుపు నీది కాదనిపించుకోవడం వేరు. భయంలేని చోటే సంస్కరణ లోపలినుంచి వస్తుంది.

అట్లాగని తప్పంతా అవతలివాళ్ల మీద వేసి మనం చేతులు దులుపుకోలేం. మైనారిటీ బోర్డు తగిలించి, సీట్లు అమ్ముకొని, లైబ్రరీ గదికి తాళమేసిన కాలేజీలు మన మధ్య లేవా? ముత్తవల్లీలాగా కాలేజీని కొడుక్కీ అల్లుడికీ రాసిచ్చేవాళ్లు లేరా? ఆస్తిని సొంత సంఘం చేతిలోంచి విడిపించిన పాదిరీ ముందు వాళ్లని నిలబెట్టి చూడాలి.

హెస్‌బర్గ్‌లో నాకు ఇంకా నచ్చింది, ఆయన తన కౌమ్ దగ్గరే ఆగలేదు. 1957లో కొత్తగా పెట్టిన పౌరహక్కుల కమిషన్‌లో ఐసెన్‌హోవర్ ఆయన్ని సభ్యుడిగా వేశాడు. దక్షిణ రాష్ట్రాల్లో ఓటు అడిగిన నల్లవాళ్లని ఏం చేస్తున్నారో కూర్చొని విన్నాడు. 1964లో షికాగో సోల్జర్ ఫీల్డ్ సభలో మార్టిన్ లూథర్ కింగ్ చెయ్యి పట్టుకొని పాడుతున్న ఆయన ఫొటో ప్రసిద్ధం. కమిషన్ ఛైర్మన్‌గా నిక్సన్ ప్రభుత్వాన్నే తప్పుపట్టాడు. 1972లో నిక్సన్ ఆయన్ని రాజీనామా చెయ్యమన్నాడు. ఆటనీ ఈ పనికే వాడాడు. సీజన్ అయ్యాక జరిగే డబ్బు మ్యాచులు, వాళ్లు 'బౌల్' అంటారు, చదువుకి అడ్డమని నోటర్‌డేమ్ 1925 తర్వాత నలభై ఏళ్లకి పైగా ఆడలేదు. 1970 జనవరి ఒకటిన మళ్లీ ఆడింది. టెక్సస్ మీద 21-17తో ఓడిపోయింది. వచ్చిన డబ్బు మైనారిటీ విద్యార్థుల స్కాలర్‌షిప్పులకిచ్చింది.

మనిషిని దేవుణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. నోటర్‌డేమ్ నుంచి మొదటి నల్ల విద్యార్థి డిగ్రీ పుచ్చుకున్నది 1947లో. ఆ తర్వాత కూడా చాలాకాలం నల్లవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేటంతే. డిగ్రీ చదువుకి అమ్మాయిల్ని చేర్చుకున్నది 1972లో. 1969లో విద్యార్థులు ఆందోళన చేస్తుంటే, అడ్డం కూర్చున్నవాళ్లకి ఆలోచించుకోడానికి పదిహేను నిమిషాలిచ్చి, ఆ తర్వాత సస్పెండ్ చేస్తానని ఉత్తరం రాశాడు. అదే నిక్సన్ ఆ ఉత్తరాన్ని మెచ్చుకున్నాడు.

ఆటల్లో ఆయన వదిలివెళ్లిందేమిటి? రిటైరయ్యాక 1989లో నైట్ ఫౌండేషన్ కాలేజీ ఆటల మీద ఒక కమిషన్ వేసి, విలియం ఫ్రైడేతో కలిపి ఆయన్ని అధిపతిగా పెట్టింది. 1980లలో పై డివిజన్‌లోని 106 యూనివర్సిటీల్లో 57 ఏదో ఒక తప్పుకి శిక్షపడినవేనని 1991 నివేదికలో రాశారు. పగ్గాలు కోచ్ చేతిలో, డబ్బిచ్చేవాళ్ల చేతిలో కాదు, ప్రెసిడెంటు చేతిలో ఉండాలన్నారు. ఆటగాడు చదువు ముగించాలన్నారు, లెక్కలు బయటివాళ్లు చూడాలన్నారు. కొంత జరిగింది. తర్వాత టీవీ డబ్బు వరదొచ్చింది. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు అమ్ముకోవచ్చు, 2025లో కోర్టు ఒప్పందంతో యూనివర్సిటీలే వాళ్లకి నేరుగా డబ్బివ్వడం మొదలైంది. కుర్రాళ్ల చెమటకి డబ్బు రావడం న్యాయమే. కాకపోతే హెస్‌బర్గ్ ఊహించిన విద్యార్థి ఆటగాడు ఇప్పుడు ఎక్కువగా పాత నివేదికల్లోనే దొరుకుతాడు.

1987లో లైబ్రరీకి ఆయన పేరు పెట్టారు. రిటైరయ్యాక 13వ అంతస్తులో ఆయనకో గది ఇచ్చారు. 2015 ఫిబ్రవరి 26న, 97 ఏళ్ల వయసులో పోయాడు. చివరి ఏళ్లలో చూపు పోయింది. విద్యార్థులు వంతులేసుకొని వచ్చి పేపరు చదివి వినిపించేవాళ్లు.