రెండో గొలుసు

కర్టిస్ మేఫీల్డ్ ఆఖరి ఆల్బమ్ 'న్యూ వరల్డ్ ఆర్డర్' (1996) విన్నప్పుడల్లా నా చూపు పైకప్పు మీదికి పోతుంది. 1990 ఆగస్టు 13న బ్రూక్లిన్‌లోని వింగేట్ ఫీల్డ్‌లో ఆరుబయట కచేరీ. ఆయన స్టేజీ మీదికి వస్తుండగా గాలి లేచింది. లైట్లు మోస్తున్న చట్రం కూలి మీద పడింది. మెడ నుంచి కిందికి ఒళ్ళు చచ్చుబడిపోయింది. మళ్ళీ గిటార్ పట్టలేదు. ఈ పాటలు వెల్లకిలా పడుకుని, ఊపిరి అందినంత మేర, ఒక్కో లైనూ పాడి రికార్డు చేసినవి.

లైట్లు కట్టేవాళ్ళకో పాత నియమం ఉంది. పైపుకి లైటుని క్లాంపుతో బిగించాక, రెండిటినీ కలిపి ఒక స్టీలు తీగో గొలుసో చుట్టాలి. మామూలు రోజుల్లో అది ఏ బరువూ మోయదు. క్లాంపు జారిన రోజు కోసమే అది. పొట్టిగా ఉండాలి, లేకపోతే లైటు ఎక్కువ దూరం పడి, ఆ కుదుపుకి గొలుసే తెగొచ్చు. పైన పనిచేసేవాళ్ళ స్పానర్‌కీ తాడు ఉండాలి. కింద ఎవరూ నిలబడకూడదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం బ్యాకప్ అనే మాటకి ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను చూడలేదు.

కానీ మేఫీల్డ్ మీద పడింది ఊడిన లైటు కాదు, చట్రం. చట్రమే పడితే దానికి కట్టిన గొలుసులన్నీ దాంతోపాటే పడతాయి.

సరిగ్గా 21 ఏళ్ళ తర్వాత, 2011 ఆగస్టు 13న, ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో షుగర్‌ల్యాండ్ బృందం స్టేజీ ఎక్కేలోపే ఈదురుగాలికి తాత్కాలిక కప్పు లైట్లతో సహా జనం మీద కూలింది. ఏడుగురు పోయారు. కప్పుని పట్టి ఉంచాల్సిన తీగల్ని నేల మీద పెట్టిన కాంక్రీట్ దిమ్మెలకి కట్టారు. గాలికి దిమ్మెలు జరిగాయి. విచారణలో ఇంకో సంగతి బయటపడింది: తుఫాను వస్తోందని తెలుసు, కానీ షో ఆపమని చెప్పే అధికారం ఎవరిదో స్పష్టంగా లేదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ రెండోదే. ఆఫీసులో రిలీజ్ రోజు రాత్రి స్క్రీన్ ఎర్రబడటం అందరం చూస్తాం. ఆపుదాం అని ఎవరో ఒకరు అంటారులే అనుకుంటాం. మా దగ్గర మనుషులు చావరు, అంతే తేడా.

ఈసారి ఆరుబయట షోలో గాలి లేస్తే, మైకులో ఎవరో చెప్పేదాకా ఆగను. లేచి నడుస్తాను.