కర్క్యుమిన్ ప్రతిదీప్తి
పసుపు కొమ్ముకు రంగునిచ్చే కర్క్యుమిన్ అణువు, పీల్చుకున్న కాంతిలో కొంత తిరిగి వెలువరించే ధర్మం ఇది.

1815లో వోగెల్, పెల్లెటియే కర్క్యుమిన్‌ను వేరుచేశారు. 1910లో దాని నిర్మాణం తెలిసింది. 21 కార్బన్, 20 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువుల చిన్న అణువిది.

సుమారు 425 నానోమీటర్ల ఊదా-నీలి కాంతిని పీల్చి ఇది ఉత్తేజిత స్థితికి చేరుతుంది. ఒక నానోసెకను గడవకముందే దిగివస్తుంది. ఆ శక్తిలో కొద్ది భాగమే ఆకుపచ్చ వెలుగవుతుంది, ఎక్కువ భాగం వేడిగా పోతుంది. అసలు ఆసక్తి ఈ నష్టంలోనే ఉంది. అణువు నడుమ రెండు ఆక్సిజన్‌ల మధ్య హైడ్రోజన్ బంధం ఉంటుంది. ఉత్తేజితమైనప్పుడు ప్రోటాన్ ఒక ఆక్సిజన్ నుంచి రెండోదానికి మారడం, వెలుగు లేకుండా శక్తి జారిపోయే ముఖ్య మార్గాల్లో ఒకటి. చుట్టూ ఉన్న ద్రావణి కూడా ఫలితాన్ని మారుస్తుంది. నీటిలో వెలుగు చాలా తక్కువ. రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్‌కు అతుక్కుంటే స్పష్టంగా పెరుగుతుంది. అందుకే ప్రోటీన్ల పరిశోధనలో కర్క్యుమిన్ విలువైన సూచికగా పనికొస్తోంది.

సర్జికల్ స్పిరిట్‌లో చిటికెడు పసుపు కలిపి, నోట్లు పరీక్షించే అతినీలలోహిత దీపం కింద చీకట్లో చూస్తే ఈ ఆకుపచ్చ వెలుగు కంటికే కనిపిస్తుంది.