ఇంటి గాత్ర ధ్వనిముద్రణ: కొల్లాపూర్ ప్రాంతంలో పరికరాల ఎంపిక

ఇంటి గాత్ర ధ్వనిముద్రణ అంటే స్టూడియోకు వెళ్లకుండా, ఉంటున్న ఇంట్లోనే ఒక గదినో గది మూలనో సిద్ధం చేసుకుని గొంతును రికార్డు చేసుకోవడం. ఇందుకు కావలసిన సామాను పెద్దదేమీ కాదు: మైకు, మైకు పట్టిన ధ్వనిని కంప్యూటరుకు అందించే ఆడియో ఇంటర్‌ఫేసు, హెడ్‌ఫోన్లు, స్టాండు, పాప్ ఫిల్టరు, ఒక రికార్డింగు సాఫ్ట్‌వేరు. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ ప్రాంతాన్ని, అంటే కృష్ణా తీరానికీ నల్లమలకూ ఆనుకుని ఉన్న దక్షిణ పాలమూరును దృష్టిలో పెట్టుకుని, ఆ సామానును ఏ వరుసలో ఎంచుకోవాలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మైకు కొనడంతో మొదలుపెట్టడం అందరికీ అలవాటు. ఇక్కడి ఇళ్ల కట్టుబడి, ఇక్కడి పాట తీరు రెండూ కలిపి చూస్తే మాత్రం మొదటి ఖర్చు గదిలోని మార్మోతను తగ్గించడానికి పోవాలి. రెండో ఖర్చు గొంతుకూ మైకుకూ మధ్య దూరాన్ని నిలకడగా ఉంచే వస్తువులకు పోవాలి. ఏ మైకు అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

జటప్రోలు సంస్థానాధీశుల కొలువు సాగిన ఈ ఊరి చుట్టుపక్కల పాటకు ఏనాడూ కొదవ లేదు. ‘వల్లంకి తాళం’ కవితా సంపుటికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న గోరటి వెంకన్న ఈ జిల్లాలోని గౌరారం మనిషి. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పాడే దర్శనం మొగులయ్యది లింగాల మండలంలోని అవుసలికుంట. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటతో ఆయన గొంతు రాష్ట్రమంతా మోగింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ గొంతు అంతకు ముందు దశాబ్దాలుగా ఊరూరా పాడుతున్నదే. సినిమా మైకు ముందుకు చేరిన కిన్నెర ఒకటైతే, చేరని నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, భజన కీర్తనలు ఎన్ని ఉన్నాయో ఈ ప్రాంతం వాళ్లకు తెలియనిది కాదు. అవి తెలిసిన పెద్ద వయసు ఆడవాళ్లు దాదాపు 180 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు పోయి, గంటకు ఇంతని అద్దె కట్టి, అద్దాల గదిలో నిలబడి పాడతారని ఆశించలేం. సొంత ఇంట్లో, పక్కన వంత పాడే మనిషి కూర్చుని ఉండగా, చరణం మరిచిపోతే మళ్లీ మొదలుపెట్టే వీలుతో పాడతారు. ఇంటి రికార్డింగుకు ఈ వీలే అసలు బలం. కాబట్టి సామాను ఎంపిక కూడా ఆ వీలును కాపాడేదిగా ఉండాలి.

గది సంగతి ముందుకు రావడానికి కారణం లెక్కల్లోనే ఉంది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉపన్యాసం అర్థం కాకుండా మార్మోగుతున్న ఒక హాలును బాగుచేసే పని 1895లో వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించారు. ఆ హాల్లో ఒక మాట పూర్తిగా సద్దుమణగడానికి అయిదున్నర సెకన్లకు పైగా పట్టేది. ఆయన దగ్గరలోని నాటకశాల కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఒక్కో వరుస పెంచుతూ రాత్రిళ్లు కొలతలు తీసి, సూత్రం కట్టాడు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గోడలూ వస్తువులూ కలిసి పీల్చుకునే మొత్తంతో భాగిస్తే, శబ్దం 60 డెసిబెళ్లు పడిపోవడానికి పట్టే సెకన్లు వస్తాయి. దీన్ని ఇప్పటి కొల్లాపూర్ ఇంటికి వర్తింపజేద్దాం. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న స్లాబు గది ఘనపరిమాణం 36 ఘనమీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 66 చదరపు మీటర్లు. సిమెంటు గోడలు, నున్నటి బండలు తమ మీద పడిన శబ్దంలో రమారమి నూటికి మూడు వంతులే పీలుస్తాయి. లెక్క కడితే ఖాళీ గది మార్మోత దాదాపు 2.9 సెకన్లు తేలుతుంది. అదే గదిలో పది చదరపు మీటర్ల మేర దళసరి పత్తి పరుపులో బొంతలో నిలబెడితే, అవి నూటికి ఎనభై వంతులు పీల్చాయనుకుంటే, మార్మోత 0.6 సెకన్లకు దిగుతుంది. ఇవి ఉజ్జాయింపు అంకెలే. తలుపులు, కిటికీలు, బట్టల దండేలు లెక్కను అటూ ఇటూ జరుపుతాయి. అయినా దాదాపు అయిదు రెట్ల తేడాను ఏ మైకు మార్పిడీ ఇవ్వలేదు.

పత్తి పండే ఈ నేలలో బొంతలకూ పరుపులకూ వెతుక్కోవలసిన పని లేదు. వాటిని గోడకు అతికించినట్టు కాకుండా పది సెంటీమీటర్లు ఎడంగా వేలాడదీస్తే మరింత కింది స్వరాలనూ పీలుస్తాయి. పాడేవాళ్ల వెనక, రెండు పక్కల వేలాడదీయడం ముందు. మైకు వెనక గోడ ఆ తర్వాత. ఎందుకంటే మైకు ముఖం పాడేవాళ్ల వైపు ఉంటుంది, వాళ్ల వెనక నుంచి తిరిగి వచ్చే శబ్దమే దానిలోకి సూటిగా దిగుతుంది. కప్పు నుంచి తిరిగొచ్చేదీ తక్కువేమీ కాదు. తలపైన ఒక బొంత అడ్డంగా కట్టగలిగితే ఆ మేరకు లాభమే. పాత మట్టి మిద్దెలు మిగిలి ఉన్న ఇళ్లవాళ్లు ముందు అక్కడ ఒక పాట పాడి వినాలి. మందపాటి మట్టి గోడ బయటి రొదను బాగా ఆపుతుంది, ఎగుడుదిగుడు గోడలూ దూలాలూ శబ్దాన్ని చెదరగొడతాయి. రేకుల ఇల్లు మాత్రం వానాకాలంలో రికార్డింగుకు పనికిరాదు. కోడిగుడ్ల అట్టలు గోడకు అతికించే పద్ధతి చాలాచోట్ల కనిపిస్తుంది. అవి పలుచని కాగితపు అట్టలు, గొంతుకు సంబంధించిన స్థాయిలో చెప్పుకోదగినంత శబ్దాన్ని పీల్చవు. బజారులో దొరికే పలుచని ఫోము పలకలు పై స్వరాలనే పీల్చి కింది స్వరాలను వదిలేస్తాయి, దాంతో గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వినబడుతుంది. బొంతలకూ ఒక హద్దు ఉంది: మగ గొంతులోని బాగా కింది స్వరాలను అవి పూర్తిగా ఆపలేవు. వాటికోసం గది మూలల్లో చుట్టిన పరుపులు నిలబెట్టడం కొంత మేలు.

ఇక దూరం. శబ్దం పుట్టిన చోటికి దూరం సగమైన ప్రతిసారీ మైకుకు నేరుగా చేరే గొంతు 6 డెసిబెళ్లు పెరుగుతుంది, గదిలోని మార్మోత మాత్రం అంతే ఉంటుంది. 60 సెంటీమీటర్ల దూరం నుంచి 15 సెంటీమీటర్లకు వస్తే గొంతుకు 12 డెసిబెళ్ల పైచేయి దక్కుతుంది, దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఇక్కడే ఒక గట్టి ఆక్షేపణకు జవాబు చెప్పాలి. డైనమిక్ మైకు గది శబ్దాన్ని తీసుకోదనీ, కండెన్సర్ మైకు అంతా లాగేస్తుందనీ, కాబట్టి సరైన మైకు కొంటే గదితో పని లేదనీ చాలామంది అమ్మకందారులూ పాటగాళ్లూ నమ్ముతారు. కండెన్సర్ సున్నితత్వం ఎక్కువన్నది నిజమే. ఆడియో టెక్నికా ఏటీ2020 అనే కండెన్సర్, 1966లో వచ్చిన షూర్ ఎస్‌ఎం58 అనే డైనమిక్ కంటే ఒకే శబ్దానికి దాదాపు 17 డెసిబెళ్లు ఎక్కువ సంకేతం ఇస్తుంది. కానీ ఆ 17 డెసిబెళ్లు గొంతుకూ పెరుగుతాయి, గదికీ పెరుగుతాయి. సంకేతాన్ని పెంచే గెయిన్ తగ్గిస్తే రెండూ సమానంగా తగ్గుతాయి. ఒకే గదిలో గొంతుకూ గదికీ మధ్య నిష్పత్తిని తేల్చేవి రెండే: మైకు ఏ దిక్కుకు చెవి ఒగ్గుతుందన్నది, గొంతుకు ఎంత దగ్గరగా ఉందన్నది. ఆ రెండు మైకులూ ముందువైపు మాత్రమే బాగా వినే కార్డియాయిడ్ రకానివే. డైనమిక్‌కు గదిని తీసుకోదన్న పేరు రావడానికి ముఖ్య కారణం, దాన్ని వాడేవాళ్లు పెదవులకు ఆనించి పాడటం. కండెన్సర్ కొన్నవాళ్లు దాన్ని అడుగున్నర దూరంలో నిలబెట్టి, మార్మోతకు మైకును తప్పుబడతారు.

అందుకే మంచి బరువైన స్టాండు, పాప్ ఫిల్టరు ఈ జాబితాలో మైకు కంటే పైన నిలుస్తాయి. స్టాండు కదలకుండా ఉంటేనే దూరం నిలుస్తుంది. పాప్ ఫిల్టరు ఉంటేనే ‘ప’, ‘ఫ’, ‘బ’, ‘భ’ల ఊపిరి మైకును కొట్టకుండా నాలుగు వేళ్ల దూరంలో పాడగలుగుతాం. అంత దగ్గరకు వచ్చినప్పుడు కార్డియాయిడ్ మైకులు కింది స్వరాలను ఉబ్బిస్తాయన్న ఆక్షేపణ సరైనదే. ఇంటర్‌ఫేసులోనో సాఫ్ట్‌వేరులోనో 80 హెర్ట్జ్ కింది భాగాన్ని కోసేస్తే కొంతవరకు సర్దుకుంటుంది. కిన్నెరతోనో డప్పుతోనో పాడేవాళ్లకు దూరం లెక్క మారుతుంది. వాయిద్యం, గొంతు ఒకే మనిషి దగ్గర ఉన్నప్పుడు వాటిని విడదీసి పాడమనడం పాటను చంపడమే. ఒక మైకు నోటికి, ఒకటి వాయిద్యానికి పెట్టాలి, కనుక ఇంటర్‌ఫేసుకు రెండు మైకు రంధ్రాలు ఉండాలి. కంప్యూటరుకు నేరుగా తగిలించే యూఎస్‌బీ మైకు ఒంటి గొంతుకు చౌకగా సరిపోతుంది గానీ, రెండో మైకు అవసరం పడిన రోజు అది అడ్డంకి అవుతుంది. పాలమూరు పాటగాళ్లు కొనదగినది రెండు రంధ్రాల ఇంటర్‌ఫేసే.

గొంతు బలం కూడా ఎంపికను మారుస్తుంది. తక్కువ సంకేతం ఇచ్చే షూర్ ఎస్‌ఎం7బీ లాంటి మైకుకు అదనంగా బూస్టరు కొనాలన్న సలహా తరచూ వినిపిస్తుంది. ఆ సలహా మెల్లగా మాట్లాడే వ్యాఖ్యాతల కోసం పుట్టింది. ఆరుబయట, పొలం గట్ల మీద, మైకు లేకుండా పాడటానికి అలవాటు పడిన గొంతు దగ్గర నుంచి ఎత్తుకుంటే సాధారణ ఇంటర్‌ఫేసులోని గెయిన్ సరిపోతుంది. ఇలాంటి గొంతుతో వచ్చే చిక్కు వేరే ఉంది: పల్లవి మెత్తగా సాగి, ఆలాపన ఒక్కసారిగా పైకి లేచి, రికార్డింగు పగిలిపోతుంది. పగిలిన శబ్దాన్ని తర్వాత ఎవరూ అతకలేరు. 24 బిట్ల రికార్డింగు సిద్ధాంతపరంగా 144 డెసిబెళ్ల వ్యాప్తిని ఇస్తుంది, 16 బిట్లది 96 మాత్రమే. అందువల్ల 24 బిట్లు పెట్టుకుని, పాటలో అత్యంత పెద్ద కేక కూడా మీటరులో మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా గెయిన్ తగ్గించి ఉంచుకోవడం మేలు. స్థాయి చూసేటప్పుడు పల్లవి పాడించి సరిపెట్టకూడదు, పాటలో ఎత్తైన చోటే పాడించి చూడాలి.

ఖరీదైన మైకులు తమ సొంత రొద చాలా తక్కువని చెప్పుకుంటాయి, అది అబద్ధం కాదు. ఏటీ2020 సొంత రొద 20 డెసిబెళ్లయితే, రోడ్ ఎన్‌టీ1 తరహా మైకులది 4, 5 డెసిబెళ్లే. కానీ సీలింగు ఫ్యాను తిరిగే గదిలో రొద మామూలుగా 40 డెసిబెళ్లు దాటుతుంది. అంతటి రొదలో ఆ 15 డెసిబెళ్ల తేడా వినబడదు. ఫ్యాను, కూలరు ఆపి తెల్లవారుజామునే పాడటం ఎండాకాలంలో కష్టమే అయినా, దానికి సాటివచ్చే పరికరం లేదు. ఛార్జరు తగిలించినప్పుడు హెడ్‌ఫోన్లలో సన్నని గుంయ్‌మనే మోత వస్తే, ల్యాప్‌టాపును బ్యాటరీ మీద నడిపి చూడాలి. ఎర్తింగు సరిగా లేని ఇళ్లలో ఇది తరచూ కనిపించే లోపం. రొదనూ మార్మోతనూ సాఫ్ట్‌వేరు తీసేస్తుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. కొంత తీస్తుంది. తీసేటప్పుడు గమకం చివర సన్నగిల్లే స్వరాన్ని, కిన్నెర తీగ ఆరిపోయే నాదాన్ని, ఒత్తుల ఊపిరిని కూడా రొద కింద జమకట్టి కోసేస్తుంది. జానపదం ప్రాణం సరిగ్గా ఆ చివరల్లోనే ఉంటుంది.

ఫోను చాలదా అన్న ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. బొంతల మధ్య, అడుగు దూరంలో, విమానం మోడులో పెట్టిన ఫోను, ఖాళీ స్లాబు గదిలో దూరంగా నిలబెట్టిన ఖరీదైన మైకు కంటే స్పష్టంగా పాటను పట్టగలదు. ఈ వ్యాసం వాదనకు అది బలమే. ఫోనుకున్న లోపం, గొంతు పెరిగినప్పుడల్లా తనంతట తానే స్థాయి తగ్గించి, నిశ్శబ్దంలో పెంచడం. పాటలోని ఎత్తుపల్లాలు అలా చదునవుతాయి. డబ్బు చేతికి వచ్చేదాకా ఫోనుతో ఆగడంలో తప్పు లేదు, ఆగినన్నాళ్లూ గదిని బాగుచేసుకోవచ్చు. ఆపైన కొనవలసిన వరుస ఇది: స్టాండు, పాప్ ఫిల్టరు, తాళం బయటికి పొక్కని మూసిన రకం హెడ్‌ఫోన్లు, రెండు రంధ్రాల ఇంటర్‌ఫేసు, ఒక మామూలు కార్డియాయిడ్ మైకు. స్పీకర్లు అన్నిటికన్నా చివర, కొనకపోయినా నష్టం లేదు. సాఫ్ట్‌వేరుకు ఉచితంగా దొరికే ఆడాసిటీ ఈ పనికి చాలు.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల ఒంటి గొంతు ఫైలు నిమిషానికి 9 మెగాబైట్లు కూడా తినదు, కాబట్టి చోటు కోసం ఎంపీ3గా కుదించి మూలాన్ని చెరిపేయవలసిన అవసరం లేదు. ఇంట్లో పాట తెలిసిన పెద్దలు ఉన్నవాళ్లు మైకు కొనేదాకా ఆగకుండా ఈ వారమే నాలుగు బొంతలు కట్టి వాళ్ల చేత పాడించండి. ఏ మార్పూ చేయని అసలు ఫైలును రెండు చోట్ల దాచి, పాడినవారి పేరు, ఊరు, తేదీ, పాట ఏ పనిలో ఏ పండుగకు పాడేదో వారి నోటితోనే చెప్పించి దాని ముందు చేర్చండి.