జన్యుగణన విద్యాకేంద్రముల అవతరణము

1965లో మార్గరెట్ డేహాఫ్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు అంతవరకు తెలిసిన ప్రోటీనుల అమైనో ఆమ్ల క్రమములనెల్ల ఒక్కచోట గూర్చి అట్లాసు రూపమున ప్రకటించినపుడు, అందు చేరినవి 65 ప్రోటీనులు మాత్రమే. ఆ కొద్దిపాటి సామగ్రిని పోల్చి చూచుటకే ఆమె పంచికార్డులతో నడచు నాటి కంప్యూటర్లను ఆశ్రయింపవలసివచ్చెను. ఒక్కొక్క అమైనో ఆమ్లమునకు మూడేసి అక్షరములు వాడినచో చోటు వృథాయగునని ఆమె రూపొందించిన ఏకాక్షర సంకేతము నేటికిని ప్రపంచమంతట చెల్లుచున్నది. రసాయనమును, గణనయంత్రమును సమానముగా నెరిగిన యొక వ్యక్తి ఆ రెండింటి సంగమస్థానమున నిలిచినందున జన్యుగణనమను నూతన శాస్త్రమొకటి రూపుకట్టెను. అయినను ఆ విద్యను అభ్యసింపదలచినవారికి నాడు పాఠశాల లేదు, పాఠ్యక్రమము లేదు. జన్యుగణన శాస్త్రము తనకొక నిలయమును, తన శిష్యులకొక గురుకులమును సంపాదించుకొన్న చరిత్రను, అందు భారతదేశమును, విశేషించి హైదరాబాదు నగరమును నడచిన త్రోవను పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

గణితవిధానములు సంస్థలకంటె ముందే పుట్టినవి. రెండు క్రమములను ప్రక్కప్రక్కన నుంచి పోల్చు పద్ధతిని 1970లో నీడిల్‌మన్, వున్ష్ అనువారు నిర్మించిరి. భాగశః సాదృశ్యములను గూడ పట్టుకొనునట్లు 1981లో స్మిత్, వాటర్‌మన్ అనువారు దానిని మలచిరి. ఈ నడుమ, 1977లో, కేంబ్రిడ్జియందు ఫ్రెడరిక్ సాంగర్ డీఎన్ఏ అక్షరక్రమమును చదువు సుగమమార్గమును చూపి, ఒక చిన్న వైరసుయొక్క సుమారు 5,400 అక్షరముల జీనోమును, అనగా సంపూర్ణ జన్యుక్రమమును, పూర్తిగా ప్రకటించుటతో, చదువబడిన క్రమములు కట్ట తెగిన చెరువువలె వచ్చిపడెను. వానిని భద్రపరచుటకు 1980లో జర్మనీలోని హైడెల్‌బర్గునందును, 1982లో అమెరికాయందు జెన్‌బ్యాంకు పేరను, పిమ్మట జపానునందును భాండాగారములు వెలసెను. భాండాగారము పాఠశాల కాదు. సమాచారమును భద్రపరచుట, దానిపై పరిశోధించుట, దానిని వాడు విధమును పరులకు నేర్పుట అను మూడు ధర్మములును ఒక్క కప్పుక్రింద చేరినది 1994లో ఇంగ్లండునందలి హింక్స్‌టన్ గ్రామమున స్థాపితమైన ఐరోపా జీవసమాచార సంస్థతోనని చెప్పవచ్చును.

అట్టి శిక్షణ యెంత యావశ్యకమో మానవ జీనోము ప్రణాళిక నిరూపించినంత స్పష్టముగా మరియేదియు నిరూపింపలేదు. 1990లో ఆరంభమైన ఆ మహాప్రయత్నము పదేండ్లు గడచునప్పటికి సుమారు 300 కోట్ల అక్షరముల గ్రంథమును అసంఖ్యాక ఖండములుగా చదివి పెట్టెనేగాని, ఆ ఖండములను సరియైన వరుసలో నతికించు సాధనము ప్రభుత్వపక్షమువారి చేతియందు సిద్ధముగా లేకపోయెను. సెలెరా అను ప్రైవేటు సంస్థయో పోటీగా పరుగెత్తుచుండెను. అపుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సాంటా క్రూజ్ శాఖయందు పరిశోధక విద్యార్థిగా నున్న జిమ్ కెంట్, రాత్రులందు మణికట్టులకు మంచుగడ్డలు పెట్టుకొనుచు, సుమారు నాలుగు వారములలో కూర్పు ప్రోగ్రామును వ్రాసి, నూరు సామాన్య కంప్యూటర్లపై దానిని నడిపి, 2000 జూన్ 22న ప్రథమ కూర్పును ముగించెను. 26వ తేదీన ముసాయిదా జీనోము లోకమునకు ప్రకటింపబడెను. ఈ కెంట్ పూర్వాశ్రమమున యానిమేషను సాఫ్ట్‌వేరు వ్రాసినవాడు. తరువాత జీవశాస్త్రము చదువగోరి విశ్వవిద్యాలయమునకు మరలివచ్చినవాడు. ఇంతటి మహాకార్యము సమయమునకు ఫలించుట, రెండు విద్యలెరిగిన యొక్క మనుష్యుడు యాదృచ్ఛికముగా అచట నుండుటపై ఆధారపడెనన్న మాట నన్ను నేటికిని కలవరపెట్టును. అట్టివారిని యదృచ్ఛకు విడువక, ఏటేట తీర్చిదిద్దుటకే కేంద్రములు కావలసియున్నవి.

భారతదేశము ఆ ప్రణాళికయందు అధికారికముగా పాల్గొనలేదు. ప్రజ్ఞ లేక కాదు: 1963లోనే మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్ తన సహచరులతో గూడి ప్రోటీను శృంఖలలు ఏయే కోణములలో వంగగలవో గణించి చూపిన పటము, ఆయన పేరనే లోకమంతటను పాఠ్యగ్రంథములకెక్కినది. 1986లో కేంద్రప్రభుత్వమున బయోటెక్నాలజీ విభాగము ఏర్పడిన వెంటనే, దేశమునందలి విద్యాసంస్థలను కలుపు జీవసాంకేతిక సమాచార వ్యవస్థకు అంకురార్పణ జరిగెను. బెంగుళూరునందలి భారతీయ విజ్ఞాన సంస్థ, ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము, పుణె, మదురై కామరాజ్ విశ్వవిద్యాలయములు దానికి తొలి స్తంభములు. ఇంటర్నెట్టు మన సామాన్య ప్రజలకు 1995లోగాని అందుబాటునకు రాలేదన్న సంగతి తలచినచో, అట్లు సంకల్పించినవారి దూరదృష్టికి నమస్కరింపవలసినదే. ఆ జాలమున ఎమ్మెస్సీ పిదప ఒక యేటి ఉన్నత డిప్లొమా గూడ నెలకొల్పబడెను. కాని జీవశాస్త్ర పట్టభద్రునకు గణాంకశాస్త్రమును, ప్రోగ్రామింగును ఒక్క యేడాదిలో నూరిపోయుట దుష్కరము. అంతకుమించి, ఆ విద్యార్థుల యెదుట నున్న క్రమములు పెక్కు పరదేశముల ప్రయోగశాలలలో పుట్టినవి. స్వంత ప్రశ్నలేని శిక్షణ పరికరములను వాడు నేర్పునిచ్చునేగాని పరిశోధకుని తయారుచేయదు.

హైదరాబాదు కథ వేరొక త్రోవను నడచెను. 1977లో ప్రాంతీయ పరిశోధనశాలనుండి అంకురించి పుష్ప మిత్ర భార్గవ నాయకత్వమున పెరిగిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, అనగా సీసీఎంబీ, ప్రధానముగా ప్రయోగముల యిల్లు. అచట లాల్జీ సింగ్ సాధించిన డీఎన్ఏ వేలిముద్రల విద్య న్యాయస్థానములకెక్కినంతనే గణన తప్పనిసరియయ్యెను: రెండు నమూనాలు సరిపోలినవనుట చాలదు, అట్టి పోలిక యాదృచ్ఛికముగా సంభవించు అవకాశమెంతయో లెక్కగట్టవలెను, అందుకు మన జనసమూహములందు ఏ జన్యుభేదము ఎంతమందికి కలదో తెలియవలెను. ఆ విద్యకే అంకితమై 1990లలో వెలసిన డీఎన్ఏ వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రమగు సీడీఎఫ్‌డీ, ఐరోపావారి ఈఎంబీనెట్ అను జీవసమాచార జాలమునకు భారతదేశపు నెలవైనది. అచటనే పట్టుపురుగు జన్యుశాస్త్రమున ఘనుడైన జె. నాగరాజు బృందము, ఆ పురుగుయొక్క డీఎన్ఏయందు మరల మరల వచ్చు చిన్న క్రమములైన మైక్రోశాటిలైట్ గుర్తుల సమాచారనిధిని 2005లో లోకమున కందించెను. హిందూపురపు పట్టుగూళ్ల సంతకును కంప్యూటరునకును ఇట్టి బంధుత్వ మేర్పడుట మన నేలలో మొలచిన ప్రశ్నకు మన నేలనే సమాధానము వెదకుటకు చక్కని నిదర్శనము.

2009లో సీసీఎంబీయందలి తంగరాజ్, లాల్జీ సింగ్ గారలు హార్వర్డు శాస్త్రజ్ఞులతో గూడి 25 సమూహములకు చెందిన 132 మంది భారతీయుల జన్యుభేదములను పరిశీలించి, మన ప్రాచీన జనచరిత్రపై నొక మహత్తరమైన వ్యాసమును ప్రకటించిరి. నమూనాలు మనవి, ప్రశ్న మనది. గణితవిధానమును ప్రధానముగా సమకూర్చినవారు బోస్టను మిత్రులు. వారిలో నిక్ ప్యాటర్‌సన్ బ్రిటిషు ప్రభుత్వపు గూఢలిపి శాఖయందు పనిచేసి జన్యుశాస్త్రమునకు వచ్చిన గణితజ్ఞుడు. ఈ సహకారమును తక్కువచేయను. కాని అట్టి గణితజ్ఞుడు హైదరాబాదునందే లభించు దినము కొఱకు ఆకాంక్షించుట తప్పు కాదు. ఏలయన ఈ లెక్కలు చరిత్రకుతూహలముతో ముగియునవి కావు. స్వకులవివాహములచే తరతరములుగా నొంటరియైన సమూహములలో కొన్ని జన్యుదోషములు సాంద్రమగును. తెలుగునేలయందలి వైశ్యులలో కొందరికి బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అను ఎంజైము లోపముండుటచే, శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకిచ్చు సక్సినైల్‌కోలిన్ ప్రభావము దీర్ఘకాలము వదలక ఊపిరికే యాటంకము కలుగవచ్చును. ముందుగా తెలిసినచో వైద్యుడు వేరు మందు వాడును. అట్లు ముందుగా తెలియజేయునది గణనము.

పరిశోధనను శిక్షణతో జతపరచిన కేంద్రమునకు మన యెదుట నున్న ఉత్తమోదాహరణము వైద్యమున గాక సేద్యమున నున్నది. 1972లో పటాన్‌చెరువున వెలసిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆవరణమున, ఈ శతాబ్దపు తొలి దశకమున, బయోటెక్నాలజీ విభాగపు చేయూతతో జీనోమిక్స్ ఉత్కృష్ట కేంద్రము స్థాపితమయ్యెను. రాజీవ్ వార్ష్నేయ నాయకత్వమున అంతర్జాతీయ బృందము ‘ఆశ’ అను కంది రకముయొక్క జీనోమును చదివి 2011 చివర ప్రకటించెను. తెలుగు వంటింట నిత్యము ఉడుకు పప్పునకు మూలమైన యా గింజ యందు సుమారు 83 కోట్ల అక్షరములును, 48,680 జన్యువులును గలవని అంచనా వేయబడినది. యంత్రము ఒక్కసారికి చదువునది నూరేసి అక్షరములు. జీనోమునందు సుమారు సగము పునరుక్తమైన భాగము. ఒకే పాదము వేయిసార్లు వచ్చు కావ్యమును చించి కలగలిపినచో ఏ ముక్క యెచటిదో తేల్చుట యెంత కఠినమో, ఇదియు నంత కఠినము. వారు కూర్పగలిగినది మొత్తమున సుమారు నూటికి 73 పాళ్లు. ఆ మిగిలిన భాగమును దాచక చెప్పుటయే శాస్త్రమునకు గౌరవము. 2013లో సెనగ జీనోమును, 2021లో 3,366 సెనగ రకముల జీనోములను వారు ప్రకటించిరి. ఈ కాలమంతయు ఆ కేంద్రము వంగడముల పెంపకందారులకు శిక్షణ తరగతులు నడుపుచు వచ్చెను. ప్రజననశాస్త్రజ్ఞుడు తన పొలముయొక్క ప్రశ్నతో వచ్చి, దాని సమాచారమును తానే విశ్లేషించుట నేర్చెను.

2020లో ఆరంభమైన జీనోమ్ ఇండియా ప్రణాళిక, ఇరువది సంస్థల సహకారముతో, సుమారు 10,000 మంది భారతీయుల సంపూర్ణ జీనోములను చదివి, 2025 జనవరిలో ఆ సమాచారమును పరిశోధకులకు తెరచెను. అది ఫరీదాబాదునందలి భారతీయ జీవసమాచార కేంద్రమున భద్రమైయున్నది. ఒక్కొక్క మనుష్యుని జీనోము సుమారు నూరు గిగాబైట్ల ముడి సమాచారము. దానిని వాడుకొనుటకు దరఖాస్తు పెట్టువాడు కాకతీయ విశ్వవిద్యాలయమునుండియో, ఆంధ్ర విశ్వవిద్యాలయమునుండియో రావలెనన్నచో, పక్షము దినముల శిక్షణ శిబిరములు చాలవు. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఇక్రిశాట్, ట్రిపుల్ ఐటీ, హైదరాబాదు విశ్వవిద్యాలయములు ఒక్క నగరముననే యున్నవి. ఇవి కలిసి నడపు రెండేండ్ల విద్యాక్రమమొకటి కావలెను. అందు మొదటి యేడు గణాంకశాస్త్రమునకును, ప్రోగ్రామింగునకును, ప్రయోగశాలకును సమముగా చెల్లవలెను. రెండవ యేడు ప్రతి విద్యార్థియు నొక యాసుపత్రియొక్కయో, ఒక వ్యవసాయ పరిశోధన స్థానముయొక్కయో నిజమైన ప్రశ్నను తలకెత్తుకొనవలెను. కంప్యూటర్లు ఐదారేండ్లకు పాతబడును గనుక వానిపై వ్యయమును మితముగా నుంచి, మాదాపూరు సాఫ్ట్‌వేరు కంపెనీల జీతములకు తరలిపోక నిలువగల శాశ్వతోద్యోగములను బోధకులకును, ప్రోగ్రాములు వ్రాయువారికిని ముందుగా మంజూరు చేయవలెను.