రూపం ఎవరి సొత్తు? - నేతగాడి నమూనా, ఐరోపా చట్టం

రూపమూ సారమూ అన్న చర్చ మన సాహిత్య విమర్శలో పాతదే. ఆ రెంటినీ విడదీసి చూడరాదని అభ్యుదయ విమర్శకులు మొదటినుంచీ వాదిస్తూ వచ్చారు. కాని రూపాన్ని సారం నుంచి విడదీసి, దానికి వెలకట్టి, ఒకరి పేర రిజిస్టరు చేసే వ్యవస్థ ఒకటి ఐరోపాలో మూడు వందల ఏళ్ళుగా పెరుగుతూ వచ్చింది. వస్తువు ఏం పని చేస్తుందన్నదానితో ఆ వ్యవస్థకు నిమిత్తం లేదు. కంటికి కనిపించే గీత, రంగు, అల్లిక, ఆకారం మాత్రమే దానికి కావాలి. దీన్ని డిజైన్ హక్కు అంటున్నారు. ఈ హక్కు పుట్టుకలో తెలుగు అద్దకపుపనివాడి పాత్ర ఏమిటో, దాని ఫలంలో తెలుగు నేతగాడికి దక్కిన పాలు ఎంతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. శాసనంలో లేని పేరు

మానుకోట సీమలోని బయ్యారం పేరు చరిత్ర విద్యార్థులందరికీ తెలుసు. గణపతిదేవుని సోదరి మైలాంబ అక్కడి చెరువు దగ్గర వేయించిన శాసనం కాకతీయుల వంశక్రమానికి ముఖ్యమైన ఆధారం. తాతముత్తాతల పేర్లన్నీ ఆ రాతిమీద వరసగా ఉన్నాయి. చెరువు మట్టి మోసినవాళ్ళ పేర్లు లేవు. ఆ కాలపు శాసనాల పద్ధతే అది కనుక అందులో వింతేమీ లేదు.

అదే గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో మరొక శాసనం వేయించాడు. గాలివానకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజుల్లాగ స్వాధీనం చేసుకోబోమనీ, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామనీ పరదేశి వర్తకులకు అభయమిచ్చాడు. ఆ శతాబ్ది చివర మన తీరాన్ని గురించి రాసిన మార్కోపోలో ఇక్కడి బట్టల సన్నదనాన్ని సాలెగూటితో పోల్చాడు. మన భాషలో సాలెపురుగుకూ సాలెవాడికీ ఒకే పేరన్న సంగతి అతనికి తెలిసి ఉండదు. సరుకుకు అభయం దొరికింది, బట్టకు కీర్తి దొరికింది. నేసినవాడు మాత్రం రెండు చోట్లా లేడు. వర్తకుడి ఆస్తికి రక్షణ ముందు, శ్రామికుడి సృష్టికి గుర్తింపు ఎప్పుడో ఒకనాడు అన్న ఈ క్రమం తరువాతి ఐరోపా చట్టాలలో కూడా కనిపిస్తుంది.

2. అద్దకం సముద్రం దాటింది

1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నం చేరారు. వారికి కావలసినవి అద్దకపు గుడ్డలు. ఐరోపాలో అప్పటికి గుడ్డమీద బొమ్మ వేయడం తెలుసు గాని, ఉతికితే పోని బొమ్మ వేయడం తెలియదు. మనవాళ్ళ పద్ధతి వేరు. గుడ్డకు కరక్కాయ పట్టించి, ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళతో గీసి, చిరివేరుతో ఉడికిస్తే రంగు ఆ గీత ఉన్నచోటనే పడుతుంది. ఉతికినకొద్దీ తేటపడుతుంది. రసాయనశాస్త్రం ఈ సూత్రాన్ని వివరించడానికి ఎంతోకాలం ముందే కృష్ణా తీరపు పనివాళ్ళు దాన్ని చేతిలో పెట్టుకున్నారు.

అయితే ఆ గుడ్డలమీద పువ్వులన్నీ మనవేనని చెప్పడం చరిత్రకు న్యాయం కాదు. 1643లో ఇంగ్లీషు కంపెనీ డైరెక్టర్లు సూరత్‌కు జాబు రాస్తూ, దుప్పట్లలో తెలుపు నేల ఎక్కువగా ఉండాలనీ, రంగు పువ్వులూ కొమ్మలూ దానిమీద రావాలనీ కోరారు. తరువాత డచ్చివారు, ఇంగ్లీషువారు కూడా నమూనాలు పంపి వాటి ప్రకారం గుడ్డలు చేయించుకున్నారు. గోల్కొండ ఏలుబడిలో పారశీక సంప్రదాయం కూడా వచ్చి కలిసింది. గుట్టమీద వంకర తిరిగి ఎదిగి, ఒక్కొక్క కొమ్మన ఒక్కొక్క జాతి పువ్వు పూసే ఆ ప్రసిద్ధ వృక్షం ఇన్ని చేతుల సమష్టి సృష్టి. ఇందులో ఎవరి వంతు ఎంతో వేరుచేసి చెప్పడం సాధ్యం కాదు. ఆనాడు ఆ అవసరం ఎవరికీ రాలేదు. వచ్చిన తరువాత కథ మారింది.

3. నిషేధం, నకలు, హక్కు

ఈ మూడూ ఏ వరసలో వచ్చాయో గమనించాలి. మొదట నిషేధం. 1686లో ఫ్రాన్సు అద్దకపు గుడ్డలను నిషేధించింది. ఇంగ్లండు 1700 చట్టంతో దిగుమతిని అడ్డుకుంది, 1721 చట్టంతో వాడకాన్నే ఆపింది. ఈ రెంటి నడుమ 1719లో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ నేతపనివాళ్ళు వీధులలోకి వచ్చి, అద్దకపు గౌన్లు కట్టుకున్న స్త్రీల మీద పడి బట్టలు చించారు. పొట్టకూటికోసం చేసిన ఆ అలజడిలో మచిలీపట్నం పనివాడు వాళ్ళ కంటికి శత్రువుగా కనిపించాడు. ఇద్దరి శ్రమమీదా లాభం తీసే వర్తకుడు ఇద్దరికీ కనిపించలేదు.

రెండవది నకలు. నిషేధపు నీడలో ఐరోపా ఈ పని నేర్చుకుంది. 1742లో కోర్దూ అనే ఫ్రెంచి జెస్యూట్ పాదిరి, క్రైస్తవంలో కలిసిన అద్దకపుపనివాళ్ళ నుంచి రాబట్టిన వివరాలన్నీ వరసపెట్టి స్వదేశానికి జాబు రాశాడు. తెలుగు నిఘంటు నిర్మాణంలో కృషి చేసిన పండితుడిగా, సంస్కృతానికీ గ్రీకు లాటిన్లకూ గల చుట్టరికాన్ని తొలినాళ్ళలోనే చెప్పినవాడిగా సాహిత్య విద్యార్థులు ఎరిగిన కోర్దూ ఇతడే. మాటలు సేకరించిన చేతితోనే మర్మాలూ సేకరించాడు. 1759లో ఫ్రాన్సు నిషేధం తొలగింది; మరుసటి ఏడే ఓబెర్‌కాంఫ్ జూయీ గ్రామంలో అద్దకపు కార్ఖానా తెరిచాడు. ఇంగ్లండు నిషేధం 1774లో తొలగింది.

మూడవది హక్కు. మన గుడ్డల నకళ్ళమీద నిలదొక్కుకున్న ఇంగ్లీషు అద్దకపు యజమానులకు ఇప్పుడు ఒకరి నమూనాను ఇంకొకరు కాజేయడం సమస్య అయింది. విలియం కిల్‌బర్న్ వంటి లండన్ ప్రాంతపు అద్దకందారులు పార్లమెంటుకు మొరపెట్టుకున్నారు. 1787లో చట్టం వచ్చింది. నార, నూలు గుడ్డలమీద అద్దే కొత్త నమూనాకు రెండు నెలల రక్షణ దొరికింది. 1794లో దాన్ని మూడు నెలలు చేశారు. ఇంగ్లండులో డిజైన్ హక్కుకు ఇదే మొదటి చట్టం. అది అద్దకపు గుడ్డ గురించి కావడం యాదృచ్ఛికం కాదు.

ఆ చట్టం హక్కును నమూనా కల్పించినవాడికే కాక, కల్పింపజేసినవాడికి కూడా ఇచ్చింది. అంటే కుంచె పట్టినవాడు కూలితో సరిపెట్టుకోవాలి. యజమాని సొంతదారు అవుతాడు. ఫ్రాన్సులో సంగతి ఇంకా స్పష్టం. లియోన్ పట్టునేతలో 1711 నాటి కట్టడి, తమకు అప్పగించిన నమూనాలను పనివాళ్ళు బయటివాళ్ళకు ఇవ్వకుండా అడ్డుకోవడానికి వచ్చింది. నెపోలియన్ కాలంలో 1806 మార్చి 18 నాటి శాసనంతో అక్కడే నమూనాలను దాఖలు చేసే పద్ధతి ఏర్పడింది. రూపంమీద హక్కు పుట్టుకతోనే రెండు వైపులా పదును గల కత్తి: ఒక అంచు పోటీ యజమాని వైపు, రెండవ అంచు సొంత పనివాడి వైపు.

4. పద్దెనిమిది సంపుటాల మ్యూజియం

తమ దేశంలో నమూనాకు కంచె వేసినవారు మన నమూనాలను ఎలా చూశారు? 1851 లండన్ మహాప్రదర్శనలో వరంగల్ తివాచీలు పెట్టారు, చూసినవారు మెచ్చుకున్నారు. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి భారతదేశపు నేతగుడ్డలను ముక్కలుగా కత్తిరించి, 700 నమూనాలను 18 సంపుటాలలో అతికించి, 20 ప్రతులు తయారుచేయించాడు. పదమూడు బ్రిటన్‌లో ఉంచి, ఏడు భారతదేశానికి పంపారు. భారతీయులు ఏ చీరలు, లుంగీలు, తలపాగాలు, రుమాళ్ళు కట్టుకుంటారో చూసి లాంకషైర్ మిల్లులు అవే నేసి మనకు అమ్మాలన్నది దాని ఉద్దేశం. అందులో దాపరికం ఏమీ లేదు. ఒక్క నేతగాడి అనుమతీ అడగలేదు, ఒక్క పైసా రాయల్టీ లేదు.

ఇది జరిగిన ఆరేళ్ళకు, 1872లో, భారతదేశంలో నమూనాల రక్షణ చట్టం వచ్చింది. అది కొత్త నమూనాలకు మాత్రమే. 700 ముక్కలూ అప్పటికే పాతవి, అందరివి. చట్టం దృష్టిలో అందరివి అంటే ఎవరివీ కావు.

5. నేటి చట్టం

ఈనాటి ఐరోపా చట్టానికి పునాది 1998 నాటి నిర్దేశం, 2002లో అమలుకు వచ్చిన నిబంధన. రిజిస్టరు చేసిన డిజైనుకు ఐదేసి ఏళ్ళ చొప్పున 25 ఏళ్ళ వరకు రక్షణ. రిజిస్టరు చేయకపోయినా ఐరోపాలో మొదట బయటపెట్టిన నాటినుంచి మూడేళ్ళ రక్షణ. ఇరవై ఏళ్ళు దాటాక దాన్ని సవరించారు. సవరణలు 2025 మేలో అమలు మొదలయ్యాయి. రెండు షరతులు మాత్రం మారలేదు: డిజైన్ కొత్తది కావాలి, తనదైన ముద్ర ఉండాలి. ఉద్యోగంలో భాగంగా ఉద్యోగి చేసిన డిజైను సాధారణంగా యజమానికే చెందుతుందన్నది కూడా అందులో ఉంది. 1787 వాసన పోలేదు.

కొత్తదనాన్ని తేల్చే పద్ధతిలో ఒక మెలిక ఉంది. ప్రపంచంలో ఎక్కడో బయటపడిన డిజైను, ఐరోపాలోని ఆ రంగపు వర్తకులకు మామూలు వ్యాపార క్రమంలో తెలిసే అవకాశం లేనిదైతే, అది కొత్తదనానికి అడ్డు రాదు. పుట్టపాకలో నాలుగు తరాలుగా నేస్తున్న ఒక చిటికి నమూనా ఐరోపా వర్తకుల కంటపడకుండా ఉంటే, అక్కడ అది కొత్తదిగా చెలామణి అయ్యే వీలుంది. అసలు రూపకర్త వచ్చి ఆ హక్కు తనదని తగవులాడవచ్చునని చట్టం చెబుతుంది. రిజిస్ట్రీ ఉన్నది స్పెయిన్‌లోని అలికాంతెలో. నూలుకు ఆముదపు కాయల బూడిద, నూనె పట్టించి తేలియా రుమాలు నేసే మనిషి ఆ మెట్లు ఎలా ఎక్కుతాడు? ఎక్కినా, నాలుగు తరాల ఊరుమ్మడి నమూనాకు రూపకర్తగా ఏ ఒక్కడి పేరు చెబుతాడు?

మన దేశపు 2000 నాటి డిజైన్ల చట్టం కూడా కొత్తదానికే 15 ఏళ్ళ వరకు రక్షణ ఇస్తుంది. పాతవాటికి మిగిలింది భౌగోళిక గుర్తింపు. పోచంపల్లి ఇక్కత్‌కు దేశంలో తొలినాళ్ళలోనే అది వచ్చింది. వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు 2018లో, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. ఇవి పోరాడి తెచ్చుకున్నవి, విలువైనవి. అయితే ఇవి కాపాడేది ప్రధానంగా పేరును. పోచంపల్లి అనే పేరు పెట్టకుండా పోచంపల్లి బొమ్మను మిల్లు గుడ్డమీద అచ్చుగుద్ది అమ్మితే ఈ కంచె ఆపలేదు. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల నేతను మగ్గానికి కేటాయించింది. అది కూడా నేతను గురించినదే, అచ్చును గురించినది కాదు. దారానికి ముందుగా కట్లు కట్టి, రంగులో ముంచి, మగ్గంమీద చుక్కకు చుక్క కలిపే కుటుంబం నెలల తరబడి చేసే పని, అచ్చుయంత్రం కింద నిమిషాల పని అవుతుంది. సారం పోయి రూపం మిగలడమంటే ఇదే.

ఊరిలోపలి సంగతి కూడా చెప్పుకోవాలి. నూలూ నమూనా ఇచ్చే ఆసామి వేరు, కూలికి నేసేవాడు వేరు. కండెలు చుట్టే, ఆసు పోసే ఆడవాళ్ళ పని లెక్కలోకే రాదు. గుర్తింపు పత్రం ఊరి పేర వచ్చినంత మాత్రాన దాని ఫలం మగ్గం గుంటలోకి దిగదు.

6. ముందున్న పని

పరిస్థితిలో కదలిక లేకపోలేదు. 2024 నవంబరులో రియాద్‌లో కుదిరిన డిజైన్ చట్ట ఒప్పందం, దరఖాస్తుదారుడు వాడుకున్న సంప్రదాయ విజ్ఞానాన్నీ కళారూపాలనూ వెల్లడించాలని అడిగే వీలును సభ్యదేశాలకు ఇచ్చింది. అది వీలు మాత్రమే, విధి కాదు. ఐరోపా సమాఖ్య 2023లో చేతివృత్తుల వస్తువులకు కూడా భౌగోళిక గుర్తింపు చట్టం చేసింది; 2025 డిసెంబరు నుంచి బయటి దేశాల వృత్తులకూ దాని తలుపు తెరిచి ఉంది. తలుపు తట్టడానికి కాగితాలు కావాలి, ఆధారాలు కావాలి.

రచయితల వంతు పని ఇక్కడ ఉంది. పదకోశాలు తయారుచేసినవాళ్ళు, జానపద గేయాలు సేకరించినవాళ్ళు మనలో ఉన్నారు. అదే శ్రద్ధతో ప్రతి నేత పల్లెలో నమూనాల పేర్లు, అవి ఎవరి ఇంట ఎప్పటినుంచి నేస్తున్నారో, పెద్దలు చెప్పే వృత్తాంతాలు తేదీలతో రాసి, బొమ్మలతో ప్రచురించాలి. అలా ప్రచురించినది పదిమందికీ తెలిసేలా చేస్తే, రేపు ఆ నమూనా కొత్తదని ఐరోపాలో ఎవరైనా అంటే ఎదురుచెప్పడానికి ఆధారం అవుతుంది. ఆ పుస్తకంలో నేసినవాళ్ళ పేర్లు వాళ్ళ సమ్మతితో ముందు పుటలోనే ఉండాలి. ప్రతులు ముందుగా వాళ్ళ సహకార సంఘాలకు చేరాలి. కోర్దూ జాబు దారి, వాట్సన్ సంపుటాల దారి మళ్ళీ తొక్కకుండా ఉండాలంటే ఈ రెండు నియమాలూ తప్పనిసరి.