ఒకే డిమాండ్, వేర్వేరు జెండాలు

సికింద్రాబాద్ క్లాక్‌టవర్ దగ్గరి అమరవీరుల స్తూపం 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమానిది. ఆ ఉద్యమ బలమంతా చివరికి తెలంగాణ ప్రజా సమితి అనే ఒక్క పార్టీలోకి చేరింది. 1971లో ఆ పార్టీ తెలంగాణలోని 14 లోక్‌సభ స్థానాల్లో 10 గెలిచింది. సికింద్రాబాద్‌లో నెగ్గిన ఎం.ఎం. హాషిం ఆ పదిమందిలో ఒకరు. ఆ ఏడాదే పార్టీ నేత మర్రి చెన్నారెడ్డి దాన్ని కాంగ్రెస్‌లో కలిపేశారు. ఓటేసిన జనానికి అడిగే చోటే లేకుండా పోయింది.

ఈ దెబ్బ తెలిస్తే తప్ప తెలంగాణ రాజకీయ సంయుక్త కార్యాచరణ సమితి (జేఏసీ) విలువ అర్థం కాదు. 2009 డిసెంబర్ 9న తెలంగాణ రాష్ట్రంపై కేంద్రం ఇచ్చిన మాట 23న పలచబడింది. మర్నాడే జేఏసీ పుట్టింది. దాన్ని నడిపింది ఉస్మానియా రాజనీతిశాస్త్ర ఆచార్యుడు కోదండరాం. అప్పటికి ఆయన ఏ పార్టీ నాయకుడూ కాదు. మొదట్లో వచ్చిన కాంగ్రెస్, తెలుగుదేశం ఎంతోకాలం నిలవలేదు. టీఆర్‌ఎస్, బీజేపీ, నక్సల్బరీ వారసత్వం చెప్పుకునే సీపీఐ ఎంఎల్ న్యూడెమోక్రసీ నిలిచాయి. ఎవరూ జెండా దించలేదు, సిద్ధాంతం మార్చుకోలేదు. రాష్ట్రం కావాలన్న ఒక్క డిమాండే అందరిదీ. ఉద్యోగులు, కార్మికులు, లాయర్లు, విద్యార్థుల జేఏసీలు పక్కనే ఉండటంతో, ఏ పార్టీ వెళ్లిపోయినా ఉద్యమం ఆగే పరిస్థితి లేదు. 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది ఈ అల్లికతోనే.

అసలు పరీక్ష ఉపఎన్నికల్లో ఎదురైంది. 2010 జులైలో 12 అసెంబ్లీ స్థానాలకు పోలింగ్ జరిగితే నిజామాబాద్ అర్బన్‌ను టీఆర్‌ఎస్ బీజేపీకి వదిలింది. టీఆర్‌ఎస్‌కు 11, బీజేపీకి 1 వచ్చాయి. 2012 మార్చిలో మహబూబ్‌నగర్‌లో ఆ రెండు పార్టీలే ఒకదానితో ఒకటి తలపడ్డాయి. టీఆర్‌ఎస్ అభ్యర్థి ముస్లిం. మతం చుట్టూ మాటలు పెరిగాయి. బీజేపీ కొద్ది ఓట్ల తేడాతో గెలిచింది. ఏ కూటమి అయినా అక్కడితో విడిపోయేదే. అయినా జేఏసీ చెదరలేదు; అదే ఏడాది సెప్టెంబర్ 30న నెక్లెస్ రోడ్డులో దాని సాగరహారం కవాతు జరిగింది. దీన్ని నేను చిన్న విషయంగా చూడలేను.

తప్పులూ ఉన్నాయి. 2011 మార్చి 10న, హైదరాబాద్, సికింద్రాబాద్‌లను కలిపే ట్యాంక్‌బండ్‌పై మిలియన్ మార్చ్‌కు మద్దతుగా వచ్చిన కాంగ్రెస్ ఎంపీలు కె. కేశవరావు, మధుయాష్కీపై జనం దాడి చేశారు. భిన్నాభిప్రాయాలవాళ్లు కలిసి నడవాలన్న వేదిక నీడలో అది జరగకూడనిది. ఆ రోజే అక్కడి విగ్రహాలను కూల్చడమూ అంతే.

ఇంకో మూల్యం ఉంది. ఎలాంటి తెలంగాణ కావాలి, భూమి ఎవరికి, కొలువులు ఎవరికి అన్న ప్రశ్నలన్నీ రాష్ట్రం వచ్చాక చూద్దామని వాయిదా పడ్డాయి. ఆ ఒక్క డిమాండ్ తీరాక పార్టీలు ఎవరి దారి వారు చూసుకున్నాయి. 2014 లోక్‌సభ ఎన్నికల్లో సికింద్రాబాద్ నుంచి తెలుగుదేశం పొత్తుతో బీజేపీ నాయకుడు బండారు దత్తాత్రేయ గెలిచారు. టీఆర్‌ఎస్ ఎదురు నిలిచింది. వాయిదా పడ్డ ఆ ప్రశ్నలతోనే కోదండరాం 2018లో తెలంగాణ జన సమితి పెట్టి, ఒకప్పుడు జేఏసీని వీడిన కాంగ్రెస్, తెలుగుదేశంతోనే కలిసి ఎన్నికలకు వెళ్లారు.