పైమూత మెషిన్ కథ

ఈ వారం మన ఇళ్లలో రోజూ చాకిరీ చేస్తూ కూడా ఎవరి నోటా పేరు వినపడని ఒక పెద్దమనిషి గురించి చెప్పుకుందాం. మూత పైకెత్తి బట్టలు పడేసే పాతకాలపు వాషింగ్ మెషిన్ అన్నమాట. న్యూ లిన్‌లో మొదట అద్దె ఇంట్లో దిగినవాళ్లకి గరాజ్‌లోనో, వెనకవైపు వాష్‌హౌస్‌లోనో గడగడలాడుతూ కనిపించే ఉంటుంది.

ఆ వాష్‌హౌస్ అనే మాటలోనే సగం చరిత్ర ఉంది. కరెంటు మెషిన్లు రాకముందు ఇక్కడి ఇళ్లలో అదొక చిన్న పంచ. ఇటుక కట్టులో బిగించిన పెద్ద రాగి కాగు, కింద పొయ్యి, పక్కన సిమెంటు తొట్లు. సోమవారం వచ్చిందంటే ఇల్లాలికి వేరే పని లేదు. బట్టలు ఉడకబెట్టి, కర్రతో పైకి తీసి, జాడించి, తెల్లబట్టలకు నీలిమందు పెట్టి, రెండు రోలర్ల మధ్య పిండి, తీగ మీద ఆరేయాలి. వింటుంటే మన చాకిరేవు గుర్తొస్తోంది కదూ! బాన, సోడా, నీలి, గంజి, అన్నీ ఉన్నాయి. తేడా ఒక్కటే. మన ఊళ్లలో ఊరందరి మురికినీ రజకులు మోశారు, పంటల నాడు కొలిచే నాలుగు గింజలకి. ఇక్కడ ఎవరింటి మురికి ఆ ఇంటి ఆడమనిషే మోసింది.

ఇక మెషిన్ సంగతి. వుల్ఫ్ ఫిషర్, మారిస్ పేకెల్ అనే ఇద్దరు 1934లో ఆక్లాండ్‌లో కంపెనీ పెట్టి, అమెరికా నుంచి మేట్యాగ్ వాషింగ్ మెషిన్ల వంటివి తెప్పించి అమ్మేవారు. 1938లో లేబర్ ప్రభుత్వం దిగుమతులకు లైసెన్సులు పెట్టింది. తెప్పించడం కష్టమైంది కాబట్టి ఇక్కడే తయారుచేయడం మొదలుపెట్టారు. మన సనత్‌నగర్ ఆల్విన్ ఫ్రిజ్ గుర్తున్నవాళ్లకి ఈ వ్యవహారం కొత్తగా అనిపించదు. బయటి సరుకు రాని రోజుల్లోనే అలాంటివి మన దగ్గరా వర్ధిల్లాయి. న్యూ లిన్ వాళ్లు మట్టితో ఇటుకలూ, క్రౌన్ లిన్ కప్పులూ చేస్తుంటే, ఊరికి అటువైపు వాళ్లు రేకుతో మెషిన్లు చేశారు. 1963లో ఇక్కడ లిన్‌మాల్ తెరిచేనాటికి మెషిన్ కొనడం మామూలు సంసారాలకీ ఆశపడదగ్గ సంగతే అయింది.

పాత ఆటోమేటిక్ లోపల ఏం జరిగేదంటే, తొట్టి మధ్యలో నిలువుగా ఒక కాడ, దానికి రెక్కలు. దాన్ని ఆజిటేటర్ అంటారు. మోటారు ఒకే వైపు తిరుగుతుంటే గేర్‌బాక్సు ఆ తిరుగుడుని అటూ ఇటూ ఊపుగా మార్చేది. నీళ్లు నిండడం, ఊపడం, వదలడం, గిరగిరా తిప్పి పిండడం, మళ్లీ నిండు నీళ్లలో జాడించడం, చివరి పిండుడు. ఈ వరసంతా టిక్కుటిక్కుమనే గుండ్రటి టైమరు చేతిలో ఉండేది. నచ్చకపోతే దాన్ని చేత్తో తిప్పి నేరుగా పిండుడుకు వెళ్లిపోవచ్చు. మధ్యలో మూతెత్తి మరచిపోయిన సాక్సు పడేయవచ్చు. ముందు తలుపున్న మెషిన్లలో ఆ స్వేచ్ఛ లేదని నా ఫిర్యాదు.

1985లో ఫిషర్ అండ్ పేకెల్ 'జెంటిల్ ఆనీ' తెచ్చింది. టైమరు బదులు ఎలక్ట్రానిక్స్. 1991లో వచ్చిన 'స్మార్ట్ డ్రైవ్' అసలు గేర్‌బాక్సునీ, బెల్టునీ తీసి పారేసింది. మోటారు నేరుగా తొట్టి కిందే, ఇరుసుకే బిగించారు. అటూ ఇటూ ఊపేది అదే, పిండేది అదే. ఇందులో నాకు ముచ్చటేసే తెలివి ఒకటుంది. నీళ్లు నిండగానే లోపలి బుట్ట తేలి, ఇరుసు నుంచి విడిపోతుంది. అప్పుడు ఆజిటేటర్ ఒక్కటే ఆడుతుంది. నీళ్లు పోగానే బుట్ట కిందికి దిగి మళ్లీ ఇరుసు పట్టుకుంటుంది, రెండూ కలిసి తిరుగుతాయి. వైటాకెరె కొండల వాన ఎప్పుడు దిగుతుందో తెలియని ఈ పడమటి ఊళ్లలో గట్టి పిండుడు చిన్న వరం కాదు.

ఆ కాడకి మన చీరంటే మాత్రం పగ. ఆరు గజాల నూలు చీరని అలాగే పడేస్తే మెలికలు తిరిగి తాడయి కూర్చుంటుంది. మడతపెట్టి, కాడకి చుట్టకుండా, తొట్టి అంచున వదులుగా పరచాలి. నీళ్లు నిండుగా పెట్టి, ఊపు నెమ్మదిగా ఉండే డెలికేట్‌లో వేయాలి. జరీ పట్టుచీర దీనిలో వేయనే వేయకండి. ఇంట్లో మగవాళ్లు కూడా వింటున్నారనే ఈ మాట చెబుతున్నాను. రేవుకీ, పెరటి బండకీ ఎన్నడూ వెళ్లని చేతులు ఇక్కడికొచ్చాక ఈ మూత దగ్గరే మొదటిసారి ఉతకడం నేర్చుకున్నాయి.

2000ల చివర్లో ఈస్ట్ తామకిలోని లాండ్రీ మెషిన్ల తయారీ థాయిలాండ్‌కి తరలిపోయింది. 2012లో కంపెనీ చైనా హయర్ చేతికి వెళ్లింది. అయినా పాత స్మార్ట్ డ్రైవ్‌లు అంత తేలిగ్గా చావలేదు. పాడైన మెషిన్లలోంచి ఆ మోటార్లు విప్పి, పల్లెల్లో వాగు నీటికీ, గాలి రెక్కకీ తగిలించి కరెంటు పుట్టించేవాళ్లున్నారు. తిప్పే మోటారుని మనం తిప్పితే అది కరెంటిస్తుంది మరి. ఈసారి రోడ్డు పక్కన ఎవరైనా పాత మెషిన్ పెడితే, మూతెత్తి ఓసారి చూడండి.